సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్
సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ హైదరాబాదు పశ్చిమ భాగమున హైటెక్ సిటీ సమీపంలో గల పర్యావరణ హిత భవనము. దీనిని వడోదరకు చెందిన వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ రూపొందించాడు. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ ప్రారంభించాడు. హరిత భవనాలకు అమెరికాలో ఏర్పరచిన లీడ్ ప్రమాణాలలో అత్యున్నతమైన ప్లాటినం స్థాయిని ఆ దేశం వెలుపల మొదట పొందిన భవనం ఇదే.

నిర్మాణ విశేషాలు

గుండ్రని ముంగిలి చుట్టూ గదులు అమరి ఉన్నాయి. రెండు గాలి గోపురాలు బయటి గాలిని ముందుగా చల్లబరచి ఏసీ యంత్రాలకు అందిస్తాయి. అందువలన యంత్రాలపై భారం, విద్యుత్ ఖర్చు తగ్గుతాయి. పైకప్పులో అధిక భాగంపై మట్టి, పచ్చిక పరచారు. ఎండ వేడి స్లాబును తాకకపోవడానికి ఇదే కారణము. సౌర ఫలకాలు కొంత విద్యుత్తును ఇస్తాయి. వాడిన నీరు మొక్కల వేళ్ళ మధ్య శుద్ధియై తోటకు చేరుతుంది. వెలుతురునిస్తూ వేడిని తగ్గించే జాలీ గోడలు మాత్రం కొత్తవి కావు, కుతుబ్‌షాహీ కట్టడాలలోనూ కలవు.

తూర్పు హైదరాబాదుకు అన్వయం

ఈ భవనానికి విశాలమైన స్థలం ఉంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో గోడకు గోడ ఆనుకొని ఇళ్ళుంటాయి, వాకిళ్ళు సిమెంటుతో కప్పబడి ఉంటాయి. ఇంకని వాన నీరు పల్లానికి పరుగెత్తుతుంది. 2020 అక్టోబరు వర్షాలకు సరూర్‌నగర్ చెరువు పరిసర కాలనీలు నీట మునిగాయి. చెరువుల పొంగును ఇళ్ళు ఆపలేవు గాని, తమపై కురిసిన నీటినైనా ఇంకించుకోగలవు. చిన్న స్థలంలో గాలి గోపురం కష్టము. ఇంకుడు గుంత, జాలీ గోడ, మిద్దె తోట సాధ్యమే. అయితే తడి మట్టి చాలా బరువు. స్లాబు దానిని మోయగలదో లేదో ఇంజనీరుచేత ముందుగా పరీక్ష చేయించాలి, నీరు దిగని పూత వేయించాలి.