మూడు గంటలు, ఆరు లెక్కలు

ఆదివారం అబిడ్స్‌లో చాలా దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. జనరల్ పోస్టాఫీసు వైపు నుంచి నడుస్తూ వెళితే ఎంసెట్ బిట్ బ్యాంకులు, జేఈఈ మెటీరియల్ గుట్టలుగా కనబడతాయి. ఓపిగ్గా ఆ గుట్టల అడుగున వెతికేవాళ్లకు వేరే రకం పుస్తకాలు దొరుకుతాయి. 1887లో వెలువడిన హాల్ అండ్ నైట్ ‘హయ్యర్ ఆల్జీబ్రా’, కుంభకోణంలో రామానుజన్ చిన్నప్పుడు చదివిన లోనీ త్రికోణమితి, మాస్కోలోని మీర్ ప్రచురణాలయం అచ్చువేసిన లెక్కల సంపుటాలు, అదృష్టం బాగుంటే పెరెల్మాన్. మన పిల్లలకు లెక్కలు ఎలా నేర్పుతున్నామో, ఎలా నేర్పవచ్చో రెండూ ఆ ఫుట్‌పాత్ మీదే పక్కపక్కన ఉంటాయి.

ఎంసెట్ పేరు ఇప్పుడు ఈఏపీసెట్. ఇంజినీరింగ్ విభాగంలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవి. ఒక్కోదానికి నిమిషం దాటి కొన్ని సెకన్లు దక్కుతాయి. మన దేశంలో హైస్కూలు, ఇంటర్ పిల్లలకు ప్రాంతీయ గణిత ఒలింపియాడ్ అని మరో పరీక్ష ఉంది. దానికీ మూడు గంటలే. ఇచ్చేవి మాత్రం ఆరు లెక్కలు. ఆప్షన్లు ఉండవు, కాలిక్యులేటర్ ఉండదు. వాదన మొత్తం తెల్ల కాగితం మీద రాయాలి. ఆరులో మూడు పూర్తిగా చేసిన పిల్లవాణ్ణి చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

అవి ఎలాంటి లెక్కలో ఒకటి చూద్దాం. ఇది 1947లో హంగరీ పోటీలో పిల్లలకు ఇచ్చింది. మన ఊరికి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో ఒక బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు. వాళ్లలో ఒకరినొకరు ఎరిగిన ముగ్గురైనా ఉంటారు, లేదంటే ఒకరికొకరు బొత్తిగా తెలియని ముగ్గురైనా ఉంటారు. ఎవరు కూర్చున్నా, ఏ రోజు కూర్చున్నా ఇది తప్పదు. ఎందుకు?

దీనికి సూత్రం ఏదీ అక్కరలేదు. ఆరుగురిలో ఒకణ్ణి ఎంచుకోండి. మిగిలింది ఐదుగురు. వాళ్లను అతనికి తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అని రెండు గుంపులు చేస్తే, ఏదో ఒక గుంపులో ముగ్గురికి తగ్గకుండా ఉండి తీరాలి. తెలిసినవాళ్లు ముగ్గురున్నారనుకుందాం. ఆ ముగ్గురిలో ఏ ఇద్దరికి పరిచయం ఉన్నా, ఆ ఇద్దరూ మనవాడూ కలిసి ఒకరినొకరు ఎరిగిన ముగ్గురు. ఏ ఇద్దరికీ పరిచయం లేకపోతే, ఆ ముగ్గురే ఒకరికొకరు తెలియని ముగ్గురు. రెండో గుంపు పెద్దదైనా ఇదే వాదన తిరగేస్తే సరిపోతుంది. ఐదుగురే ఉంటే మాత్రం ఈ మాట నిలవదు. ఐదుగురు గుండ్రంగా కూర్చుని, ఎవరికి వాళ్లు తమ కుడిపక్కవారినీ ఎడమపక్కవారినీ మాత్రమే ఎరిగి ఉంటే చాలు. కాగితం మీద ఐదు చుక్కలు పెట్టి చూడండి.

ఏడో తరగతి పిల్లకు అర్థమయ్యే ఈ వాదన వెనక ‘రామ్సే సిద్ధాంతం’ అనే పెద్ద గణిత శాఖే ఉంది. పోటీ లెక్కల గుణమే అది. పాఠ్యపుస్తకం దాటిన జ్ఞానం ఏదీ అడగవు, ఉన్న జ్ఞానంతోనే కొత్తగా ఆలోచించమంటాయి.

ఈ పద్ధతికి పుట్టిల్లు కూడా హంగరీయే. 1894లో అక్కడ రెండు పనులు జరిగాయి. హైస్కూలు చదువు ముగించిన పిల్లలకు గణిత పోటీ మొదలైంది. గ్యోర్ పట్టణంలో డేనియల్ అరాన్యి అనే స్కూలు మాస్టారు లెక్కల కోసమే ఒక మాసపత్రిక పెట్టారు. పత్రిక లెక్కలు ఇస్తుంది, పిల్లలు సమాధానాలు పోస్టులో పంపిస్తారు, మంచి వాదన రాసినవారి పేర్లు అచ్చవుతాయి. తర్వాతి రోజుల్లో బాగా చేసినవారి ఫొటోలు కూడా వేశారు. థియోడోర్ వాన్ కార్మాన్ ఆ పోటీలో గెలిచినవాడే. పాల్ ఎర్డోష్ ఆ పత్రిక లెక్కలు చేస్తూ పెరిగినవాడే. అంత చిన్న దేశం నుంచి అంతమంది గణితవేత్తలు రావడానికి ఒక బడిపంతులు మొదలుపెట్టిన పత్రిక కూడా కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

హైదరాబాద్‌కు ఈ పోటీ లెక్కలతో నేరుగా సంబంధం ఉంది. 2010 ఆగస్టులో ప్రపంచ గణితవేత్తల మహాసభ ఈ నగరంలోనే జరిగింది. ఇక్కడ ఫీల్డ్స్ పతకం అందుకున్నవారు నలుగురు. వారిలో ముగ్గురు పిల్లప్పుడు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో పతకాలు గెలిచినవారు. రష్యాకు చెందిన స్మిర్నోవ్ 1986, 1987 రెండేళ్లూ 42కి 42 తెచ్చుకున్నాడు. వియత్నాంలో పుట్టిన ఎన్గో బావో చావ్ 1988లో 42కి 42 తెచ్చుకున్నాడు. ఇజ్రాయెల్‌కు చెందిన లిండెన్‌స్ట్రాస్‌కు అదే ఏడాది కాంస్యం దక్కింది.

1988 పోటీలో ఆరో లెక్క చరిత్రలో నిలిచిపోయింది. రెండు ధన పూర్ణాంకాల వర్గాలు కూడండి. ఆ మొత్తాన్ని, ఆ రెండింటి లబ్ధానికి ఒకటి కలిపిన సంఖ్యతో భాగించండి. శేషం లేకుండా పోతే, భాగఫలం తప్పక పూర్ణవర్గమే అవుతుందని నిరూపించాలి. 2, 8 తీసుకుంటే 68ని 17తో భాగించాలి, 4 వస్తుంది. ఆ రోజు దాన్ని పూర్తిగా చేసినవాళ్లు ప్రపంచం మొత్తం మీద పదకొండు మంది. మరుసటి ఏడాదే భారత్ తొలిసారి ఈ పోటీకి జట్టును పంపింది. 1996లో ముంబైలో ఆతిథ్యం ఇచ్చింది. 2024లో నాలుగు స్వర్ణాలతో నాలుగో స్థానానికి చేరింది.

మన ఊళ్లో ఇలాంటి లెక్కలకు ఆదరణ ఒకప్పుడు ఎక్కువే ఉండేది. 2005 దాకా ఐఐటీ ప్రవేశానికి చివరి పరీక్షలో లెక్కను మెట్టు మెట్టుగా రాసి చూపాలి. నల్లకుంటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ కోచింగ్‌లో సీటు కోసం వేరే ట్యూషన్లకు వెళ్లిన రోజులు ఈ నగరానికి గుర్తే. 2006 నుంచి ఆ పరీక్ష పూర్తిగా ఆబ్జెక్టివ్ అయింది. పరీక్ష ఏది అడిగితే కోచింగ్ అదే నేర్పుతుంది. స్టెప్పులు రాయడం పోయి షార్ట్‌కట్ వచ్చింది. లోనీ పుస్తకం అలమరలోంచి ఫుట్‌పాత్ మీదికి చేరింది.

ఇలా జరిగింది మనకు వనరులు లేక కాదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో ‘గణితసార సంగ్రహం’ రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటమే నేటి మల్ఖేడ్. నాంపల్లిలో ముంబై రైలెక్కితే తాండూరు దాటాక ఆ పేరు మీద స్టేషన్ వస్తుంది. ఆధునిక కాలానికి వస్తే, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన శైలేష్ శిరాలి ఒలింపియాడ్ పిల్లల కోసం చక్కని పుస్తకాలు రాశారు. వాటిలో కొన్నిటిని, లెనిన్‌గ్రాద్ గణిత మండళ్ల అనుభవంతో వచ్చిన ‘మేథమేటికల్ సర్కిల్స్’నూ మన హైదరాబాద్‌లోని యూనివర్సిటీస్ ప్రెస్ ప్రచురించింది. అన్నీ ఇంగ్లిష్‌లోనే. మల్లన పద్యాల్లో చెప్పిన భాషలో నేటి పిల్లకు ఈ స్థాయి లెక్కల పుస్తకం దొరకడం గగనం.

తల్లిదండ్రులకు ఒక మాట. ఒలింపియాడ్ పేరుతో ప్రైవేటు పరీక్షలు చాలా ఉన్నాయి. అంతర్జాతీయ పోటీకి దారి మాత్రం ఒకటే. మొదటి మెట్టు ఐఓక్యూఎం అనే అర్హత పరీక్ష. మూడు గంటలు, 30 ప్రశ్నలు, ప్రతి జవాబూ 00 నుంచి 99 దాకా ఉండే పూర్ణసంఖ్య. ఆ తర్వాత ప్రాంతీయ పరీక్ష, జనవరిలో జాతీయ పరీక్ష, శిక్షణ శిబిరం, చివరికి ఆరుగురి జట్టు. ఎనిమిదో తరగతి నుంచే రాయవచ్చు. జట్టులోకి రాకపోయినా నష్టం లేదు. ఒకే లెక్కతో రెండు రోజులు గడిపిన పిల్లకు ఏ పరీక్షా భయం పుట్టించదు.

ఇంటర్ బోర్డు నాంపల్లి విద్యాభవన్‌లోనే ఉంది. బోర్డు వారికి నా మాట ఇది: గణితం పేపర్లో ఒక్క ప్రశ్న ఏ గైడులోనూ లేనిది ఇవ్వండి, తప్పు జవాబైనా మంచి వాదనకు మార్కులు వేయండి. తెలుగు ప్రచురణకర్తలు ఒక్క మంచి లెక్కల పుస్తకం తెలుగులో తీసుకురండి. బడుల్లో లెక్కలు చెప్పే టీచర్లు సోమవారం బోర్డు మూల ఒక లెక్క రాసి, శనివారం దాకా తుడపకండి. జవాబు మాత్రం శుక్రవారం దాకా చెప్పకండి.