కుదురు లేని పిల్లలకు ఆటే ఆసరా: అంకెలు ఏం చెబుతున్నాయి?

కర్నూలు జిల్లాలో కౌతాళం మొదలుకొని ఆదోని, ఎమ్మిగనూరు దాకా ఏ బడికి వెళ్లినా తరగతికి ఒకరిద్దరు ఇలాంటి పిల్లలు కనిపిస్తారు. బెంచీ అంచున కూర్చుని కాలు ఊపుతూనే ఉంటారు. పెన్సిల్ దొరికితే నోటుబుక్కు కనిపించదు, నోటుబుక్కు దొరికేసరికి సారు బోర్డు తుడిచేస్తారు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరిచేస్తారు. ఇంట్లో ‘కాలుగాలిన పిల్లి’ అని, బడిలో ‘నిలకడ లేనోడు’ అని పేరు పడిపోతుంది. దాంతోపాటు ఒక శిక్షా ఖాయమవుతుంది: నోట్సు రాయలేదు కాబట్టి ఆటల పీరియడ్‌లో తరగతిలోనే కూర్చో.

ఆ పిల్లల్లో కొందరికి ఉన్నది ఏడీహెచ్‌డీ. అంటే ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం కలగలిసిన ఎదుగుదల సమస్య. వాళ్ల విషయంలో ఈ శిక్ష మేలు చేయకపోగా ఉన్న ఆసరాను తీసేస్తుంది. ఒంటిని కదిలించే పద్ధతులు వీళ్లకు ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో లెక్కలతో చూద్దాం.

40 మందిలో ఇద్దరు

ప్రపంచవ్యాప్తంగా జరిగిన 102 అధ్యయనాలను 2007లో ఒకచోట చేర్చి చూస్తే పిల్లల్లో ఏడీహెచ్‌డీ 5.29 శాతం ఉన్నట్టు తేలింది. 2021లో ప్రపంచ ఏడీహెచ్‌డీ సమాఖ్య ప్రకటించిన లెక్క 5.9 శాతం. పెద్దల్లో 2.5 శాతం. పిల్లల లెక్కన చూస్తే 40 మంది ఉన్న తరగతిలో సగటున ఇద్దరు. కోయంబత్తూరు ప్రాథమిక పాఠశాలల్లో చూసినప్పుడు ఇది 11.32 శాతంగా వచ్చింది. హైదరాబాద్ సహా దేశంలోని 5 ప్రాంతాల్లో 3,964 మంది పిల్లలను పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2 నుంచి 9 ఏళ్ల వారిలో దాదాపు 8 మందికి ఒకరికి ఏదో ఒక నాడీ సంబంధ ఎదుగుదల సమస్య ఉంది. ఏడీహెచ్‌డీ వాటిలో ఒకటి.

ఇందులో తల్లి పెంపకం తప్పేమీ లేదు. పిల్లల మధ్య కనిపించే తేడాల్లో జన్యువుల వాటా దాదాపు 74 శాతమని కవల పిల్లల అధ్యయనాలు చెబుతున్నాయి.

అయితే అల్లరి చేసే ప్రతి పిల్లాడికీ ఈ పేరు పెట్టకూడదు. వైద్యుల కొలమానంలో ఏకాగ్రత లోపానికి 9 లక్షణాలు, అతి చురుకుదనం, తొందరపాటులకు కలిపి మరో 9 ఉంటాయి. పిల్లలకైతే ఏదో ఒక జాబితాలో కనీసం 6 కనిపించాలి. అవి 6 నెలలకు పైగా కొనసాగాలి, 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. ఇంట్లోనూ బడిలోనూ, కనీసం రెండుచోట్ల కనిపించాలి. అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ ఉండిపోయే ఆడపిల్లలు ఈ లెక్కలోకి రాకుండా జారిపోతుంటారు.

వయసు కూడా చూడాలి. అమెరికాలో 4 లక్షల మందికి పైగా పిల్లల రికార్డులు పరిశీలిస్తే, తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లకు ఈ ముద్ర పడే అవకాశం అందరికన్నా పెద్దవాళ్లతో పోలిస్తే 34 శాతం ఎక్కువని 2018లో తేలింది. మన పల్లెల్లో బడిలో రాయించిన పుట్టినరోజు ఒకటి, అసలుది ఒకటి కావడం మామూలే. కాబట్టి ముందు పిల్లాడి అసలు వయసు అడగాలి. చూపు, వినికిడి, నిద్ర, రక్తం పరీక్షించాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 5 ఏళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైన పిల్లాడికీ పాఠం మీద మనసు నిలవదు.

3 ఏళ్ల ఆలస్యం

2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న 223 మంది, లేని 223 మంది పిల్లల మెదడు స్కాన్‌లను పోల్చారు. మెదడు పైపొర గరిష్ఠ మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో సగటున 7.5 ఏళ్లు, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో 10.5 ఏళ్లు. తనను తాను అదుపు చేసుకోవడానికి కావలసిన ముందు భాగంలో ఈ ఆలస్యం మరింత స్పష్టంగా కనిపించింది. నాలుగో తరగతి పిల్లాడిని నాలుగో తరగతి పిల్లాడిలా కూర్చోమంటున్నాం. కానీ అదుపు విషయంలో అతని మెదడు ఇంకా ఒకటో తరగతి దగ్గరే ఉండవచ్చు.

మరి ఆ కాలు ఊపడం? 2015లో ఫ్లోరిడా పరిశోధకులు 8 నుంచి 12 ఏళ్ల 52 మంది బాలురకు అంకెలు, అక్షరాలు గుర్తుపెట్టుకుని వరుసలో చెప్పే పని ఇచ్చారు. ఏడీహెచ్‌డీ ఉన్న 29 మందిలో ఎక్కువమంది కదులుతున్నప్పుడే బాగా చెప్పారు. మిగిలిన 23 మందిది దీనికి తలకిందులు: కదిలినకొద్దీ తప్పులు పెరిగాయి. అంటే కొందరు పిల్లలు మెదడును మేల్కొలిపి ఉంచుకోవడానికే కదులుతున్నారు. ‘కదలకుండా కూర్చో’ అన్న మాట వాళ్ల చేతిలోని పనిముట్టును లాక్కుంటుంది.

31 నిమిషాలు

వ్యాయామం మీద జరిగిన పరీక్షల్లో మన బడులకు బాగా దగ్గరగా ఉన్నది 2015లో వెలువడింది. చిన్న తరగతుల పిల్లలు 202 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు రోజూ బడి మొదలయ్యే ముందు 31 నిమిషాలు పరుగులు, ఆటలు ఆడింది. రెండో జట్టు గదిలో కూర్చుని చేసే పనులు చేసింది. 12 వారాల తర్వాత రెండు జట్లూ కొంత మెరుగుపడ్డాయి. ఏడీహెచ్‌డీ లక్షణాలున్న పిల్లల ఏకాగ్రతలో, మూడ్ మారిపోవడంలో, ముఖ్యంగా ఇంటి దగ్గర, ఆడిన జట్టుకు ఎక్కువ మేలు కనిపించింది.

2013లో ప్రచురించిన మరో పరీక్షలో 8 నుంచి 10 ఏళ్ల 40 మంది పిల్లలు 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిచారు. మరో రోజు అంతే సేపు కూర్చుని చదువుకున్నారు. నడిచిన తర్వాతే చదవడంలోనూ లెక్కల్లోనూ మార్కులు ఎక్కువొచ్చాయి. ఇలాంటి 8 పరీక్షలను, మొత్తం 249 మంది పిల్లలను కలిపి 2015లో లెక్కేస్తే, ఏకాగ్రత మీద ప్రభావం 0.84, అతి చురుకుదనం మీద 0.56 అని వచ్చింది. ఈ కొలతలో 0.2 స్వల్పం, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది. అంకె ఘనంగానే ఉంది. కానీ 249 మంది అంటే ఒక హైస్కూలు పిల్లలంత కూడా కాదు. అందుకే దీన్ని ఆశగా తీసుకోవాలి, హామీగా కాదు.

9 మంది, 69 మంది, 83 మంది

యోగా సంగతికొస్తే మన పక్కనే ఉన్న బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో, ఆసుపత్రిలో చేరిన 9 మంది పిల్లలకు మందులతోపాటు సగటున 8 సార్లు యోగా నేర్పారు. ఇంటికి వెళ్లే నాటికి లక్షణాలు తగ్గాయని 2013లో ప్రచురించారు. మన దేశంలోనే జరిగిన మరో కార్యక్రమంలో 6 నుంచి 11 ఏళ్ల 69 మంది పిల్లలకు యోగా, ధ్యానం, ఆట కలిపి నేర్పింది హైస్కూలు విద్యార్థులే. పిల్లల్లో మెరుగుదల కనిపించింది కానీ, పోల్చి చూడటానికి రెండో జట్టు లేదు. 2010లో వైద్య పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ యోగా, ధ్యానం పరీక్షలను జల్లెడ పడితే నిలిచినవి 4. వాటిలో ఉన్నది మొత్తం 83 మంది. ఏ నిర్ధారణకూ రాలేమని కాక్రేన్ తేల్చింది.

ఇక నగరాల్లో వినిపిస్తున్న ‘సొమాటిక్ థెరపీ’. ఒంట్లో బిగుసుకున్న చోట్లను గమనిస్తూ, ఊపిరిని సరిచేసుకుంటూ మనసును కుదుటపరచుకునే పద్ధతి. దీనిలో ఒక రకాన్ని 2017లో 63 మందిపై పరీక్షిస్తే మేలు కనిపించింది. అయితే వాళ్లకున్నది పెద్ద ప్రమాదాల తర్వాత వచ్చే మానసిక గాయం, ఏడీహెచ్‌డీ కాదు. ఇలాంటిదే మరొకటి, స్పర్శ, కదలికలతో చేయించే ఇంద్రియ సమన్వయ చికిత్స. దాని మీద ఆధారాలు పరిమితమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లోనే తల్లిదండ్రులకు చెప్పమంది. కాబట్టి వేలకు వేలు ప్యాకేజీ కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఎన్ని వారాల్లో, ఏ లక్షణం, ఎంత తగ్గాలి? దానికి సూటిగా జవాబు లేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

0.78

మందులకైతే బలమైన ఆధారం ఉంది. 133 పరీక్షలను కలిపి 2018లో లాన్సెట్ సైకియాట్రీ పత్రిక ప్రచురించిన విశ్లేషణలో పిల్లలకు మొదటి ఎంపికగా నిలిచింది మిథైల్‌ఫెనిడేట్. దాని ప్రభావం 0.78. వ్యాయామం అంకె దీనికి దగ్గరగానే కనిపిస్తుంది. కానీ మందుల విశ్లేషణ వెనుక ఉన్నది పదివేల పైచిలుకు పిల్లలు. 6 ఏళ్లు దాటినవారికి మందు, ప్రవర్తన శిక్షణ రెండూ కలిపి ఇవ్వాలని, 4, 5 ఏళ్ల వారికి ముందుగా తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వాలని 2019 నాటి అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆట మొదలుపెట్టామని డాక్టరు రాసిన మందు ఆపకూడదు.

కౌతాళంలో రేపటి నుంచి

కౌతాళం నుంచి కర్నూలు పెద్దాసుపత్రి నూరు కిలోమీటర్లు పైమాటే. కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని నెలనెలా వెళ్లడం తేలిక కాదు. బడి ఆవరణ మాత్రం పక్కనే ఉంది. ప్రార్థనకు ముందు అరగంట చాలు. 5 నిమిషాలు ఉరకడం, 10 నిమిషాలు ఖోఖో, 10 నిమిషాలు తాడాట లేదా తొక్కుడుబిళ్ల, చివరి 5 నిమిషాలు కూర్చుని నిదానంగా ఊపిరి. మాట్లాడటానికి కాస్త ఆయాసం వచ్చేంత వేగం ఉండాలి. వంతు కోసం చాలాసేపు లైనులో నిలబెట్టే ఆట పనికిరాదు. తరగతిలో అలాంటి పిల్లాడికి చాక్‌పీసులు తెచ్చే పని, బోర్డు తుడిచే పని ఇవ్వండి. ఏకలవ్యుడిలా ఒంటరిగా సాధన చేయమని వదిలేయకుండా పెద్ద తరగతి పిల్లలను తోడు ఇవ్వండి. పైన చెప్పిన యోగా కార్యక్రమంలో 69 మంది పిల్లలకు నేర్పింది అలాంటివాళ్లే. వారానికోసారి మూడే మూడు విషయాలు రాయండి: ఎంతసేపు కూర్చున్నాడు, ఎన్ని పనులు పూర్తిచేశాడు, ఎన్నిసార్లు గొడవపడ్డాడు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. తల్లిదండ్రులతో వలసపోయి గుంటూరు మిరప తోటల్లో రోజంతా వంగి కాయలు కోయడం వ్యాయామం కాదు. అది పిల్లాడి నిద్రను, బడిని, మందును ఒకేసారి తెంచేస్తుంది. వలసపోయే తల్లిదండ్రులు ఇలాంటి పిల్లలను సీజనల్ హాస్టల్‌లో ఉంచితే, వార్డెన్‌కు, టీచరుకు విషయం ముందే చెప్పాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. అది హాస్టల్‌లోనూ దక్కాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పిల్లలను పరీక్షించడానికి ఏడాదికోసారి బడికి వస్తాయి. వారంవారం మీరు రాసిన కాగితాన్ని ఆ రోజు వాళ్ల చేతికివ్వండి. అనుమానం బలంగా ఉంటే అప్పటిదాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలందరూ రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడికి ఆ 60 నిమిషాలు మరింత అవసరం. నోట్సు రాయలేదన్న కారణంతో అతని ఆటను ఆపే హక్కు మనకు లేదు. ముందు ఆడనివ్వండి, తర్వాత రాయించండి, రెండూ చాలకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.