చిన్న ట్రక్కులు, పెద్ద కిస్తీలు

కామారెడ్డి జిల్లాలో ఇవాళ చిన్న ట్రక్కు పోని ఊరు లేదు. కూరగాయల ట్రేల మొదలు పెండ్లి సామాను దాకా, ఎరువు బస్తాల మొదలు మేకల దాకా అన్నీ దాని మీదనే. బండ్ల అడ్డా మీద నలుగురు కూడితే ఏ బండి మంచిదన్న వాదన మొదలవుతుంది. ఒకరు టాటా ఏస్ అంటారు. ఇంకొకరు బొలెరో పికప్‌కు సాటి లేదంటారు. మూడో మనిషి దోస్త్ పేరెత్తుతాడు. వింటే సినిమా హీరోల అభిమానులు కొట్లాడుకున్నట్టే ఉంటుంది.

కాని ఇది పొద్దుపోని వాదన కాదు. ఎకరమో రెండెకరాలో ఉన్న రైతు కొడుకు, సేద్యం మీద బతుకు వెళ్లక, ఇంట్లో బంగారం కుదువబెట్టి మొదటి సొమ్ము కట్టి బండి తెచ్చుకుంటున్నాడు. బండి నడిస్తే ఇల్లు నడుస్తుంది. మూడు కిస్తీలు తప్పితే బండి పోతుంది, కట్టిన సొమ్మూ పోతుంది. అందుచేత ఈ బండ్ల మంచిచెడ్డలు రైతాంగ సమస్యలో భాగమేనని మేము భావిస్తున్నాము.

‘డీసీఎం’ అన్న మాట ఎక్కడిది?

మన తెలంగాణ పల్లెల్లో లారీకి చిన్నది, ఆటోకు పెద్దది అయిన బండిని ఏ కంపెనీది అయినా సరే ‘డీసీఎం’ అంటారు. ఈ మాట వెనుక ఒక చరిత్ర ఉంది. 1980ల నడుమ జపాన్ కంపెనీల పొత్తుతో నాలుగు రకాల తేలిక ట్రక్కులు మన దేశంలోకి వచ్చాయి. డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్డా, ఆల్విన్ నిస్సాన్. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. ఆ పొత్తు 1990లలోనే ముగిసిపోయింది. కంపెనీ పోయినా పేరు మాత్రం మన జనం నోట నిలిచిపోయింది.

ఆ నాలుగింటిలో ఆల్విన్ మన సొంతం. హైదరాబాద్ ఆల్విన్ ప్రభుత్వ రంగ సంస్థ. బస్సుల బాడీలు, ఫ్రిజ్‌లు, గడియారాలు చేసిన ఆ సంస్థ నిస్సాన్‌తో కలిసి అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో ట్రక్కుల కార్ఖానా పెట్టింది. 1980ల చివర అది మహీంద్రా కంపెనీ చేతికి పోయింది. 2015లో వచ్చిన ‘జీతో’ అనే చిన్న బండి ఆ జహీరాబాద్‌లోనే తయారైంది. మన గడ్డ మీద ప్రజల సొమ్ముతో మొదలైన పరిశ్రమ ప్రైవేటు యాజమాన్యం కిందికి పోయిన తీరు ఇది. ఎల్లారెడ్డి రైతు కొనే బండి పొరుగు ప్రాంతంలోనే తయారైనా, దాని ధర మీద అతనికి గాని, ప్రభుత్వానికి గాని చెప్పేదేమీ లేదు.

అసలు మార్పు 2005 మేలో టాటా ఏస్‌తో వచ్చింది. రెండు సిలిండర్ల 702 సీసీ డీజిలు ఇంజను, 16 గుర్రాల బలం, 750 కిలోల బరువు. మూడు గీరల ఆటో ధరకు కొంచెం పైన నాలుగు గీరల బండి దొరికింది. హిందీ మాట్లాడే చోట దాన్ని ‘ఛోటా హాథీ’ అన్నారు. మన దగ్గరా చిన్న ఏనుగే అయింది. 2011లో అశోక్ లేలాండ్ వాళ్ల దోస్త్ వచ్చింది. 2016లో మారుతి సూపర్ క్యారీ వచ్చింది.

బండ్లోళ్ల మాట

నడిపేవాళ్ల అభిప్రాయాలను మేము వినగా తేలిన సారాంశం ఇది.

ఏస్ పక్షం వాళ్లు చెప్పేది ముఖ్యంగా ఒకటే. “సందుల తిరుగుతది, గెట్టు దాకా పోతది. పెద్ద బండి పోని కాడికి ఇది పోతది.” పొలం నుంచి బాట దాకా తలమీద మోసే కూలి మిగులుతుంది. టమాట, బెండ, వంగ పండించే చిన్న రైతుకు ఇది మామూలు సంగతి కాదు. అయితే ఎక్కుడు మీద కూలబడుతుందని, బరువు మించితే కమాన్లు విరుగుతాయని వాళ్లే ఒప్పుకుంటారు.

బొలెరో పక్షం వాళ్ల వాదన బరువు గురించి. “పది బస్తాలు ఎక్కువేసినా గుంజుతది, చెడ్డ బాటకు భయం లేదు” అంటారు. 2023లో వచ్చిన మాక్స్ పికప్ రకాలకు కంపెనీ ఇచ్చిన లెక్కే 1.3 టన్నుల నుంచి 2 టన్నుల దాకా ఉంది. కాని ధర ఏస్‌కు దాదాపు రెట్టింపు. ఏడాది పొడుగునా కిరాయిలు ఉన్నవాడికే అది గిట్టుతుంది. దోస్త్ వాళ్లు నడిమి మాట చెబుతారు. టన్నుంపావు మోస్తుంది, ధర బొలెరో అంత కాదు అని.

ఈ వాదనలో ఎవరిది ఒప్పో వడ్ల బస్తా లెక్కతో చూద్దాము. కొనుగోలు కేంద్రాల్లో బస్తా 40 కిలోలు. ఎకరానికి పాతిక క్వింటాళ్లు పండితే 62 బస్తాలు. ఏస్ న్యాయంగా మోసేది 18 బస్తాలు. అంటే ఎకరం వడ్లకు నాలుగు తిప్పలు. రెండు టన్నుల పికప్‌కు రెండు తిప్పలు. ట్రాక్టరు ట్రాలీ ఉన్న ఊళ్లో వడ్లకు ఈ రెండూ అక్కర్లేదు. కాబట్టి నిజాంసాగర్ ఆయకట్టులో వడ్లు మాత్రమే పండించే రైతు వడ్ల కోసమని చిన్న ట్రక్కు కొంటే దెబ్బ తింటాడు. కూరగాయలు, పాలు, గొర్లు, బెల్లం, కిరాణా సామాను లాంటి రోజువారీ సరుకు ఉన్న చోటనే దానికి పని.

కొత్త బండ్లు, కొత్త చిక్కులు

గత రెండేళ్లలో కంపెనీలు పోటీపడి కొత్త రకాలు దించాయి. 2024 సెప్టెంబరులో మహీంద్రా వీరో 7.99 లక్షల నుంచి, 2025 జనవరిలో అశోక్ లేలాండ్ సాథీ 6.49 లక్షల నుంచి, 2025 జూన్‌లో టాటా ఏస్ ప్రో 3.99 లక్షల నుంచి మార్కెట్లోకి వచ్చాయి. ఇవి షోరూము ధరలు. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, బాడీ పని వేరే. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. పన్నుతో కలిపి 4 లక్షలున్న బండి మీద, కంపెనీ మొత్తం వదిలిపెడితే, 31 వేల పైచిలుకు తగ్గాలి. కొనబోయే రైతు పాత ధర, కొత్త ధర పక్కపక్కన పెట్టి అడగడం మంచిది.

కొత్త బండ్ల మీద కుర్రవాళ్లకు మోజు ఉంది. క్యాబిన్ బాగుంది, సీటు బాగుంది, కొన్నిటికి ఏసీ కూడా ఉంది అంటారు. పాత డ్రైవర్లు మాత్రం పెదవి విరుస్తారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లే అమ్మాలని నిబంధన వచ్చింది. పొగ తగ్గింది, మంచిదే. కాని “ఎనుకట పానా పట్టుకుంటే బాగైతుండె. ఇప్పుడు కంప్యూటర్ పెడితే గాని రోగం తెల్వదు” అన్నది అడ్డాల మీద సాధారణంగా వినబడే మాట. గాంధారి దగ్గరో, పిట్లం దగ్గరో బండి ఆగితే ఊరి మెకానిక్ చేయి వేయలేడు. దాన్ని కట్టి పట్నానికి లాక్కుపోవాలి. ఆ రోజు కిరాయి పోతుంది, లోపల ఉన్న టమాట మురిగిపోతుంది. కంపెనీల ప్రకటనల్లో ఈ నష్టం లెక్కకు రాదు.

కరెంటు బండ్ల సంగతీ ఉంది. ఏస్‌లో కరెంటు రకం 2022లోనే వచ్చింది. పట్నంలో పార్సిళ్లు పంచేవాళ్లకు అది గిట్టుబాటే. మన దగ్గర ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కు పోయి రావలసిన బండికి నడిమధ్యలో చార్జింగు ఎక్కడ, ఎంతసేపు అన్నది మొదటి ప్రశ్న. ఊర్లోనే తిరిగే పాల బండికి మాత్రం ఆలోచించదగినదే.

తొమ్మిది శాతం పదహారు ఎట్లా అవుతుంది?

“బండి మంచిదే సార్, కిస్తీయే మంచిది కాదు” – ఏ కంపెనీ బండి నడిపేవారైనా చివరికి వచ్చి ఆగేది ఈ మాట దగ్గరే. బ్యాంకులు చిన్న రైతుకు వాహన రుణం ఇవ్వడానికి సవాలక్ష కాగితాలు అడుగుతాయి. ప్రైవేటు ఫైనాన్సు వాళ్లు షోరూములోనే కుర్చీ వేసుకుని ఒక్క రోజులో ఇస్తారు. ‘తొమ్మిది శాతమే’ అంటారు. కాని అది ఫ్లాట్ వడ్డీ. అంటే అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదనే లెక్కిస్తారు.

ఉదాహరణకు 4 లక్షలు, నాలుగేళ్లు, 9 శాతం ఫ్లాట్. ఏడాదికి 36 వేల చొప్పున వడ్డీ 1,44,000. నెల కిస్తీ 11,333 రూపాయలు. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే ఇది నిజానికి దాదాపు 16 శాతం. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి కొత్త అప్పుల్లో అసలు ఏడాది వడ్డీ ఎంతో, చార్జీలన్నీ కలిపి ఎంతో తెలిపే ఒక పత్రాన్ని అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. సంతకానికి ముందు ఆ కాగితం అడగండి. కిస్తీ తప్పితే గూండాలను పెట్టి బండి గుంజుకోవడాన్ని 2007లోనే సుప్రీం కోర్టు తప్పుబట్టింది. ఈ సంగతీ రైతులకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు ఒక రోజు లెక్క చూద్దాము. నెలకు 26 రోజులు బండి నడిస్తే రోజుకు కిస్తీయే 436 రూపాయలు. కామారెడ్డి నుంచి బోయినపల్లి మార్కెట్‌కు పోయి రావడం 220 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 16 కిలోమీటర్ల లెక్కన సుమారు 14 లీటర్ల డీజిలు. 2025లో ఉన్న 95 రూపాయల ధరకు 1,330 రూపాయలు. 25 కిలోల ట్రేలు 28 వేస్తే టమాట 700 కిలోలు. కిలో 20 పలికితే 14 వేలు. అందరి మొహాల్లో నవ్వే. కిలో 5 పలికితే 3,500. అందులో డీజిలు, కిస్తీ పోను 1,734. భిక్కనూరు మొదలు దారిలో టోలు, మార్కెట్లో హమాలీ, కమీషను, తెంపిన కూలి, డ్రైవరు బత్తెం ఇంకా తీయాలి. రైతుకు మిగిలేదేమిటి?

బండి అదే, బాట అదే, ఇంజను అదే. మారింది టమాట ధర. కాబట్టి ఏ బండి లాభం అన్న వాదనను ఇంజనుతో తేల్చలేము. సరుకు ధర, కిస్తీ, తిరుగు కిరాయి ఈ మూడే తేల్చుతాయి. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ బండి వస్తే పోయిన లాభంలో సగం బాటలోనే రాలిపోతుంది.

సరుకు బండిలో మనుషులు

అన్నింటికంటే బాధాకరమైన విషయం చెప్పక తప్పదు. 2022 మే 8న పిట్లం మండలం చిల్లర్గి గ్రామస్తులు ఎల్లారెడ్డి సంతకు పోయి టాటా ఏస్‌లో తిరిగి వస్తుండగా, నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు వద్ద లారీ ఢీకొని తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. ఇంట్లో చావు జరిగిన తర్వాత ఆనవాయితీగా సంతకు పోయిన కుటుంబం అది. ఒక దుఃఖం తీరక ముందే ఇంకో దుఃఖం మీద పడింది.

సరుకు బండిలో మనుషులను ఎక్కించరాదని అధికారులు చెబుతారు. నిజమే. చట్టం కూడా కఠినంగానే ఉంది. సరుకు బండిలో ఊరికే ఎక్కి ప్రయాణించేవారి నష్టానికి బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లో సుప్రీం కోర్టు చెప్పింది. 1994 చట్ట సవరణ ప్రకారం బండిలోని సరుకు యజమానికి, లేదా అతని ప్రతినిధికి మాత్రమే రక్షణ ఉంది. అంటే తన టమాట ట్రేలతో పోయే రైతుకు బీమా వర్తిస్తుంది. సంతకు పోయి వచ్చే చుట్టాలకు వర్తించదు. ఈ తేడా తెలియక ఎన్నో కుటుంబాలు అన్నివిధాలా నష్టపోతున్నాయి. బండి యజమాని కూడా సొంత ఆస్తి నుంచి పరిహారం కట్టవలసి వస్తుంది.

అయితే జనం సరదాకు ట్రాలీ ఎక్కడం లేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టిక్కెట్టు లేదు. ఊరికి బస్సే రాకపోతే ఆ సౌకర్యం ఎవరికి? ఇరవై మంది ఒక్కసారి పోవాలంటే ఏడెనిమిది వందలకు దొరికేది ట్రాలీ బండే. బస్సు వేయకుండా జరిమానా వేస్తే సమస్య తీరదు.

లైసెన్సు విషయంలో మాత్రం ఒక ఊరట కలిగింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని తేలిక వాహనం లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీం కోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. చిన్న ట్రక్కులన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఈ సాకుతో బీమా ఎగ్గొట్టే వీలు ఇక లేదు.

చేయవలసింది ఏమిటి?

ప్రతి రైతూ బండి కొనాలన్నది కంపెనీల కోరిక. ప్రతి రైతుకూ అవసరమైనప్పుడు బండి దొరకాలన్నది మన కోరిక. ఈ రెండూ ఒకటి కాదు. 2023 జనవరిలో కేంద్రం పంపిన నమూనా నియమావళి ప్రకారం ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు యంత్రాలు కిరాయికి ఇవ్వడంతో సహా పాతికకు పైగా రకాల పనులు చేయవచ్చు. ట్రాక్టర్లు కిరాయికి ఇచ్చినట్టే కూరగాయలు పండే ఊళ్లలో సంఘం తరఫున ఒకటి రెండు పికప్‌లు పెట్టవచ్చు. పదిమంది రైతుల ట్రేలు ఒక్క బండిలో పోతే కిరాయి పంచుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో సంఘానికే కావలసిన ఎరువు, విత్తనం తెచ్చుకుంటే ఖాళీ బండి సమస్య తగ్గుతుంది.

సంత రోజుల్లో ఎల్లారెడ్డి, గాంధారి, పిట్లం దారుల్లో అదనపు బస్సులు నడపాలి. చిన్న రైతులకు వాహన రుణాలు సహకార బ్యాంకుల నుంచి తగ్గే బాకీ వడ్డీకే ఇవ్వాలి. పంట ధర పడిపోయిన నెలల్లో కిస్తీ వాయిదా వేయాలి.

ఈలోగా కొనబోయే యువకులకు మేము చెప్పేది ఒకటుంది. బండి చూడబోయే ముందు ఏడాదిలో ఎన్ని రోజులు కిరాయి దొరుకుతుందో కాగితం మీద రాసుకోండి. రెండు వందల రోజులు దాటకపోతే బండి ఎంత ముద్దొచ్చినా ఆగండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక బండి కొనడానికి నామోషీ పడకండి. అడ్డా మీద వాదన ఏ బండి గొప్పదని సాగినంత కాలం కంపెనీలకు, ఫైనాన్సు వాళ్లకు దిగులు లేదు. టమాట కిలోకు ఎంత, కిస్తీ నెలకు ఎంత, బస్సు రోజుకు ఎన్నిసార్లు అన్న వాదనగా అది మారిన రోజున అందరూ వినక తప్పదు.