తిరుత్తణి నుంచి నగరికి ఇంటర్నెట్ దారి ఎటు?

తిరుత్తణి నుంచి నగరికి రైల్లో కొద్ది నిమిషాల ప్రయాణం. మధ్యలో ఉన్నది రాష్ట్ర సరిహద్దు మాత్రమే. కానీ ఈ రెండు ఊళ్లలోని కంప్యూటర్ల మధ్య సమాచారం ఎంత దూరం తిరుగుతుందో మ్యాపు చూసి చెప్పలేం. రెండింటికీ వేర్వేరు ఇంటర్నెట్ సంస్థల కనెక్షన్లు ఉంటే, ఆ సంస్థల మధ్య ఒప్పందమే దారిని నిర్ణయిస్తుంది.

ఏ సంస్థా ఒంటరిగా ప్రపంచమంతా కేబుళ్లు వేయలేదు. పెద్ద సంస్థకు డబ్బు కట్టి, దాని ద్వారా మిగతా ప్రపంచాన్ని చేరడం ఒక పద్ధతి. అది ట్రాన్సిట్. ఇద్దరూ ఒకచోట కలిసి తమ చందాదారుల సమాచారాన్ని నేరుగా ఇచ్చిపుచ్చుకోవడం రెండోది. అది పీరింగ్. ఇందులో సాధారణంగా ఒకరికొకరు డబ్బు చెల్లించరు.

మరి అందరూ పీరింగే చేసుకోవచ్చు కదా? వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు. సంస్థలూ అలాగే లెక్క వేస్తాయి. కలిసే చోటుదాకా కేబుల్ ఖర్చు ట్రాన్సిట్‌లో మిగిలేదానికన్నా తక్కువేనా? ఇచ్చేదీ పుచ్చుకునేదీ సమానమేనా? ఉచితంగా కలుపుకుంటే, డబ్బు కట్టే చందాదారును పోగొట్టుకున్నట్టు కాదా? ఈ చివరి ప్రశ్న దగ్గరే పెద్ద సంస్థలు చాలాసార్లు వెనక్కి తగ్గుతాయి.

ఒకప్పుడు మన దేశంలోని రెండు సంస్థల మధ్య సమాచారం కూడా తరచూ విదేశాల మీదుగా తిరిగొచ్చేది. దీన్ని తప్పించడానికే 2003లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా (నిక్సీ) ఏర్పడింది. తొలి నాలుగు కేంద్రాల్లో చెన్నై ఒకటి. అయితే తొలినాళ్ల నిబంధన ప్రకారం, ఇచ్చినదానికన్నా ఎక్కువ తెచ్చుకున్న సంస్థ ఆ తేడాకు రుసుము కట్టాలి. వీడియోలు చూసేవారే తప్ప పంపేవారు పెద్దగా లేని చిన్న సంస్థలకు ఇది భారం.

ఇది మన బడులకూ సంబంధించిన విషయమే. మన పిల్లలు చూసే తెలుగు పాఠాలు ఎక్కువగా సరిహద్దు అవతల తయారవుతాయి. పాఠం మధ్యలో ఆగితే తప్పు ఎప్పుడూ సిగ్నల్‌దే కాదు. తిరువళ్లూరులోనైనా తిరుత్తణిలోనైనా బడికి కనెక్షన్ తీసుకునేటప్పుడు వేగం, ధరతోపాటు ఇంకొకటీ అడగాలి: ‘మీరు చెన్నైలో మిగతా సంస్థలతో నేరుగా కలుస్తారా?’

పై తరగతుల పిల్లలతో ట్రేస్‌రూట్ ప్రయోగం చేయించవచ్చు. సమాచారం ఆగే మజిలీలూ, పట్టే సమయమూ తెరపై కనిపిస్తాయి. చెన్నై–సింగపూర్ సముద్ర కేబుల్ సుమారు 3,200 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. పోయిరావడానికి ఎన్ని మిల్లీసెకన్లో లెక్క కట్టమనండి. వచ్చే జవాబు 32. తెరపై ఒక మజిలీ నుంచి సమయం అంతగా పెరిగి, చివరిదాకా తగ్గకపోతే, సమాచారం దూరప్రయాణం చేసిందేమోనని పిల్లలే అనుమానిస్తారు.