దెబ్బతిన్న స్పోర్ట్సు కారు: మరమ్మతుకా, తుక్కుకా?

(మా వాణిజ్య ప్రతినిధి)

గుంటూరు యార్డులో వానకు తడిసిన మిర్చి టిక్కీలు దిగినప్పుడు వర్తకుని ముందు రెండే దారులు వుంటాయి. ఆరబోసి, ఏరించి, మేలు రకంగా అమ్ముకొనడం ఒకటి; వున్నదున్నట్లుగా తాలు ధరకు వదిలించుకొనడం రెండవది. కూలి ఎంత, తరుగు ఎంత, ఆరిన పిమ్మట ధర ఎంత అన్న మూడు అంకెలు చేతిలో వుంటే నిర్ణయానికి ఎంతో సేపు పట్టదు. అదే వర్తకుడు ముచ్చటపడి కొనుక్కున్న స్పోర్ట్సు కారు చెట్టుకు కొట్టుకున్ననాడు మాత్రం ఈ అంకెలు జ్ఞాపకం రావు. మమకారం కొద్దీ ఎంతయినా పోసి బాగు చేయించేవారు కొందరు. బెదిరిపోయి వచ్చిన కాడికి తోసివేసేవారు మరికొందరు. రెండు విధాలుగానూ సొమ్ము పోగొట్టుకొనేవారున్నారు. కారు కూడ సరుకే. దాని లెక్క కూడ ఆ మూడు అంకెలతోనే తేలుతుంది.

ఒక నటుని కారు

ఈ లెక్క ఎట్లా వుంటుందో తెలుసుకొనుటకు బ్రిటన్‌లో జరిగిన ఒక ఉదంతం చాలును. ‘మిస్టర్ బీన్’ పాత్ర ద్వారా మన దేశంలోను సుపరిచితుడైన నటుడు రోవాన్ అట్కిన్సన్ 1997లో మెక్‌లారెన్ ఎఫ్1 కారు కొన్నారు. కొత్తలో దీని ధర పన్నులు కాక 5 లక్షల 40 వేల పౌన్లు. కారును గారేజీలో ముసుగు వేసి దాచక ఆయన నిత్యం నడిపినారు. 1999లో లాంకషైర్‌లో ముందు వెళ్తున్న ఒక చిన్న కారును ఇది వెనుకనుండి తాకినది. అప్పుడు బాగు చేయించారు.

2011 ఆగస్టులో పెద్ద ప్రమాదమే జరిగినది. కేంబ్రిడ్జిషైర్‌లోని ఒక రోడ్డుపై కారు అదుపు తప్పి గిర్రున తిరిగి, చెట్టుకు, రోడ్డు ప్రక్కనున్న సూచికకు కొట్టుకొని మంటలు కూడ అంటుకున్నది. అట్కిన్సన్ భుజం గాయంతో బయటపడ్డారు. బాగు చేయుటకు ఏడాదికి పైగా పట్టినది. బీమా కంపెనీ చెల్లించిన మరమ్మతు ఖర్చు 9 లక్షల 10 వేల పౌన్లని 2013లో బ్రిటిష్ పత్రికలు ప్రకటించినవి. ఆనాటి మారకపు రేటు ప్రకారం ఇది మన రూపాయలలో సుమారు 7 1/2 కోట్లు. ఒక్క కారు మరమ్మతుకు బ్రిటన్‌లో అంతవరకు ఇంత పెద్ద బీమా క్లెయిము లేదని కూడ అవి వ్రాసినవి.

కొన్న ధర కాదు, నేటి ధర

కొత్త కారు ధరను మించి మరమ్మతు ఖర్చు పెట్టడం పైకి చూస్తే తెలివితక్కువ బేరంగా కనిపిస్తుంది. కాని కొన్న ధర పాత ఖాతాలోని అంకె. మరమ్మతును పోల్చవలసినది బాగయిన పిమ్మట సరుకు పలికే ధరతో. ప్రమాదం నాటికి ఆ కారు విలువ దరిదాపు 35 లక్షల పౌన్లని అంచనా. ఆ లెక్కన 9 లక్షల 10 వేలు విలువలో 26 శాతం మాత్రమే. మొత్తం నష్టంగా తేల్చి వుంటే 35 లక్షలు చెల్లించి తుక్కును అమ్ముకొనవలసి వచ్చేది. బాగు చేయించడమే చౌక బేరమయినది.

తర్వాత జరిగినది కూడ గమనించదగినది. అట్కిన్సన్ కారును 2015లో అమ్మకానికి పెట్టినారు. అప్పటికి అది 41 వేల మైళ్లు తిరిగినది. రెండు ప్రమాదాల చరిత్ర వున్నది. అయినప్పటికీ 80 లక్షల పౌన్లకు, అనగా మన లెక్కలో సుమారు 80 కోట్ల రూపాయలకు అమ్ముడైనట్లు వార్తలు వచ్చినవి.

రాబడి ఆగిన సరుకు

‘యాక్సిడెంటు బండి’ అనగానే ధర తెగగోసే బజారు ఇక్కడ ఎందుకు చలించలేదు? దీనికి వర్తకులకు తెలిసిన కారణమే వున్నది. మెక్‌లారెన్ ఎఫ్1 తయారీ 1998లో ఆగిపోయినది. అన్ని రకాలు కలిపి తయారయినవి 106 మాత్రమే. వీటిలో రోడ్డుపై నడుపుటకు తయారు చేసిన సాధారణ నమూనాలు 64. గోర్డన్ ముర్రే రూపకల్పన, బి.ఎం.డబ్ల్యు. తయారు చేసిన 12 సిలిండర్ల ఇంజను, కార్బన్ ఫైబర్ చట్రం, వేడి తగలకుండ ఇంజను గదికి అద్దిన బంగారు రేకు దీని విశేషాలు. 1998లో గంటకు 240 మైళ్లకు పైగా పరుగెత్తి రికార్డు నెలకొల్పినది. కొత్త రాబడి లేదు, నిల్వ పెరగదు, కొనేవారు పెరుగుతున్నారు. ఇటువంటి సరుకులో ఒక్క కారు తుక్కయితే మిగిలినవాటి కొరత ఇంకా పెరుగుతుంది.

ధరల తేజీ ఆ తర్వాత కూడ సాగినది. 2021 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ వేలంలో ఇంకొక ఎఫ్1 కారు 2 కోట్ల 4 లక్షల 65 వేల డాలర్లు పలికినది. అయితే అది బహు తక్కువగా తిరిగిన కారు. మేలు రకం ధర చూసి రెండవ రకం సరుకుకు ఆశపడరాదన్న నియమం ఇక్కడ కూడ వర్తిస్తుంది.

రెండవ కారణం మరమ్మతు చేసినవారి పేరు. పనిని తయారీదార్లయిన మెక్‌లారెన్ వారే చేసినారు. ఇనుప రేకు సొట్టపడితే సుత్తి దెబ్బలతో తీయవచ్చును. కార్బన్ ఫైబర్ అట్లా కాదు. పైకి నున్నగా కనిపించి లోపల పొరలు విడిపోయి వుండవచ్చును. తయారీదారు స్వయంగా పరీక్షించి, మార్చినదేదో వ్రాసి ఇచ్చిన కాగితానికి బజారులో విలువ వున్నది. అదే పని కాగితం లేకుండ సందులోని షెడ్డులో జరిగితే, పని ఎంత బాగున్నా ధర సగానికి అడిగేవారుంటారు.

మన దేశపు లెక్క

ఎఫ్1 వంటి అపురూపమైన సరుకు ఎందరి దగ్గరో వుండదు. మన వర్తకుల గారేజీలలో వుండే స్పోర్ట్సు కార్లలో ఎక్కువ భాగం కంపెనీ ఇంకా తయారు చేస్తున్నవే. వీటి ధర ఏటేటా తరుగుతుంది. కనుక వీటి విషయంలో లెక్క తలక్రిందులవుతుంది.

మన దేశంలో బీమా పాలసీలో ప్రకటించిన విలువను ఐ.డి.వి. అంటారు. ఆరు నెలలు దాటని కారుకు ధరలో 5 శాతం, ఏడాది లోపుకు 15, రెండేళ్ల లోపుకు 20, మూడేళ్ల లోపుకు 30, నాలుగేళ్ల లోపుకు 40, అయిదేళ్ల లోపుకు 50 శాతం తరుగు తీసి ఈ విలువ కడతారు. పాలసీ షరతులకు లోబడి కారును తరలించుటకు, బాగు చేయుటకు అయ్యే మొత్తం ఖర్చు ఐ.డి.వి.లో 75 శాతం మించితే దానిని మొత్తం నష్టంగా, అనగా ‘టోటల్ లాస్’గా పరిగణిస్తారు.

ఉదాహరణకు 60 లక్షల రూపాయల కారు నాలుగేళ్లు దాటి అయిదవ ఏట వున్నదనుకొందాము. ఐ.డి.వి. 30 లక్షలు, 75 శాతం గీత 22 1/2 లక్షల వద్ద. మరమ్మతు అంచనా 20 లక్షలు వచ్చినది. అందులో లోహపు భాగాలు 8 లక్షలు, ప్లాస్టిక్కు, రబ్బరు, ఎయిర్‌బ్యాగులు 6 లక్షలు, అద్దాలు 1 లక్ష, కూలి 5 లక్షలు. గీత దాటలేదు గనుక మరమ్మతే. కాని బీమా అంతా ఇవ్వదు. ఈ వయస్సు కారుకు లోహపు భాగాలపై 35 శాతం, ప్లాస్టిక్కు, రబ్బరు, ఎయిర్‌బ్యాగులపై 50 శాతం తరుగు తీస్తారు. అద్దాలపై తరుగు లేదు. అనగా 2 లక్షల 80 వేలు, 3 లక్షలు కలిపి 5 లక్షల 80 వేలు యజమాని జేబునుండి పోవును. అదనపు ప్రీమియం కట్టి ‘జీరో డిప్రిసియేషన్’ రక్షణ తీసుకున్నవారికి ఈ బాధ చాలవరకు తప్పుతుంది.

అదే కారుకు అంచనా 35 లక్షలు వచ్చినదనుకొందాము. గీత బాగా దాటినది. బీమావారు 30 లక్షలు ఇస్తారు. విరిగిన కారుకు 8 లక్షల బేరం వున్నదనుకొంటే, దానిని తానే వుంచుకొనదలచిన యజమానికి 22 లక్షలు చేతికి వచ్చును. ఆ పైన 13 లక్షలు తన సొమ్ము కలిపితేగాని కారు రోడ్డెక్కదు. ఎక్కిన పిమ్మట కూడ ప్రమాద చరిత్ర వలన 30 లక్షలు పలకదు. ఇందులో ఇంకొక చిక్కు కూడ వున్నది. 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం ధ్వంసమైన, లేదా శాశ్వతంగా పనికిరాకుండ పోయిన వాహనం సంగతి యజమాని 14 రోజులలో, లేదా వీలయినంత త్వరగా, రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. టోటల్ లాసుకు సంతకం చేసి తర్వాత అదే కారును నడపదలచినవారు, రిజిస్ట్రేషన్ నిలుస్తుందో రద్దవుతుందో ముందుగానే వ్రాతపూర్వకంగా తేల్చుకొనవలెను.

తుక్కుకూ బజారున్నది

బాగు చేయకుండ వున్నదున్నట్లు అమ్మడం కూడ ఒక్కొక్కప్పుడు లాభసాటి బేరమే. 1954 నాటి ఫెరారీ 500 మొండియాల్ కారు ఒకటి రేసులలో పాల్గొని, 1960ల ప్రాంతంలో ప్రమాదానికి గురియై కాలిపోయినది. నలిగిన రేకుల కుప్పగా మిగిలిన దానిని 2023 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరే వేలంలో 18 లక్షల 75 వేల డాలర్లకు కొన్నారు. కొన్నది రేకును కాదు, ఆ చట్రానికి వున్న నంబరును, చరిత్రను.

మాగ్గియోరే సరస్సు అడుగున దశాబ్దాల తరబడి పడివున్న 1925 నాటి బుగాట్టి కారును 2009లో బయటికి తీసినారు. 2010 జనవరిలో పారిస్ వేలంలో అది 2 లక్షల 60 వేల 500 యూరోలు పలికినది. కొన్న కాలిఫోర్నియా మ్యూజియంవారు బాగు చేయించక, తుప్పుతోనే ప్రదర్శించినారు. దానికి రంగు వేసి మెరుగు పెట్టి వుంటే విలువ తగ్గి వుండేది.

మమకారం పద్దు

ఇంత చెప్పినను, ప్రియమైన కారును ఎవరూ లెక్కలతో మాత్రమే చూడరు. చూడవలెనని కూడ ఎవరూ అనరు. మొదటి లాభంతో కొన్నదో, తండ్రి నడిపినదో అయిన కారును 13 లక్షల నష్టానికి కూడ నిలబెట్టుకొనదలిస్తే అది యజమాని ఇష్టం. అయితే ఆ 13 లక్షలను పెట్టుబడి పద్దులో వ్రాసుకొని, ఎప్పటికైనా తిరిగివచ్చునని ఆశించడం తప్పు. అది సొంత వాడకం పద్దు. ఇంట్లో పెళ్లికి చేసిన ఖర్చు వంటిది. తేలికగా భరించగలిగిన చేయి అయితే చేయించుకొనవచ్చును. వ్యాపారపు రొక్కంలోనుండి తీయవలసి వస్తే మాత్రం కారును వదులుకొనడమే మేలు.

నిర్ణయం ఏదయినా తాత్సారం పనికిరాదు. తడిసిన సరుకు గోదాములో మగ్గినట్లే, ఢీకొన్న కారు ఆరుబయట వుంటే తుప్పు పట్టును. గారేజీ అద్దె పెరుగును. విదేశీ విడిభాగాల ధర మారును. విడదీసిన పిమ్మట లోపల కొత్త నష్టం బయటపడి అంచనా పెరుగుట కూడ మామూలే. కనుక పూర్తిగా విప్పి చూసిన తర్వాతి అంచనానే లెక్కలోకి తీసుకొనవలెను.

అన్నిటికన్న ముఖ్యమైన పని ప్రమాదానికి ముందే చేయవలసి వున్నది. అయిదేళ్లు దాటిన కార్లకు, తయారీ ఆగిన నమూనాలకు ఐ.డి.వి.ని కంపెనీ, యజమాని కలిసి ఒప్పందంతో నిర్ణయిస్తారు. కొరత కారణంగా ధర పెరుగుతున్న కారు వున్నవారు రెన్యూవల్ నాడే విలువ అంచనా కాగితం సంపాదించి, ఆ మేరకు ఐ.డి.వి. వ్రాయించుకొనవలెను. ప్రీమియం కొద్దిగా పెరిగినను, ఆనాడు పాలసీలో వ్రాసిన అంకెపైననే తర్వాత 75 శాతం గీత పడుతుంది.