నాడి చూస్తే నాడుల సంగతి తెలుస్తుంది

అయిదు నిమిషాలు కదలకుండా పడుకోండి. మణికట్టుమీద మూడు వేళ్ళు ఆనించి, నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో లెక్కపెట్టండి. ఇప్పుడు లేచి నిలబడి, వెంటనే మళ్ళీ లెక్కపెట్టండి. సంఖ్య పెరిగింది కదూ! ఎందుకు పెరిగింది?

మనం నిలబడగానే భూమ్యాకర్షణవల్ల అర లీటరుకు పైగా రక్తం పొట్టలోకి, కాళ్ళలోకి దిగిపోతుంది. అప్పుడు మెదడుకు రక్తం చాలక కళ్ళు తిరగాలి. కాని తిరగవు. మెడలోని ధమనుల గోడల్లోనూ, బృహద్ధమని గోడలోనూ రక్తపు పోటును కనిపెట్టే నాడీకొనలున్నాయి. పోటు తగ్గిందని అవి మెదడుకు కబురంపుతాయి. వెంటనే గుండెకు వేగం పెంచమనీ, రక్తనాళాలకు బిగుసుకోమనీ ఆజ్ఞలు వెళతాయి. ఇదంతా మన ప్రమేయం లేకుండా, కొద్ది సెకన్లలో జరిగిపోతుంది. ఈ పని చేసేది స్వయంచోదిత నాడీమండలం.

మరి ఈ నాడులు దెబ్బతింటే ఏమవుతుంది? మూత్రపిండాలు చెడిపోయినవారిని పరిశీలిస్తే తెలుస్తుంది.

ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంనుంచి వడపోస్తాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలో చేరుతుంది. ఒకటిన్నర లీటర్లు మాత్రం మూత్రంగా బయటకు పోతుంది. ఈ వడపోత ఆగితే మాలిన్యాలు రక్తంలోనే నిలిచిపోతాయి. వాటిని తొలగించడానికి 1943లో నెదర్లాండ్స్ వైద్యుడు విల్లెం కోల్ఫ్ సెల్లోఫేన్ గొట్టంతో కృత్రిమ మూత్రపిండాన్ని తయారుచేశాడు. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి చేతి రక్తనాళాలలో టెఫ్లాన్ గొట్టాలను అమర్చి ఉంచాడు. దానితో ఒకే రోగికి మళ్ళీమళ్ళీ డయాలిసిస్ చేయడం సాధ్యమయింది. చనిపోతారనుకున్నవారు ఏళ్ళ తరబడి బతకసాగారు.

అప్పుడే ఒక కొత్త చిక్కు బయటపడింది. కొందరికి అరికాళ్ళు మండేవి, పాదాలు తిమ్మిరెక్కేవి. పాదాలే ముందెందుకు? వెన్నునుంచి పాదందాకా పోయే నాడీతంతువులు శరీరంలోకెల్లా పొడవైనవి. పొడవైన తంతువుకే ముందు హాని కలుగుతుంది. ఈ రోగుల నాడులలో సంకేతాలు నడిచే వేగం కూడా తగ్గినట్లు కొలతల్లో తేలింది.

దోషి యూరియా అనుకుందామా? యంత్రంతో కాక, పొట్టలోని పొరనే జల్లెడగా వాడి చేసే డయాలిసిస్ ఒకటుంది. ఆ పద్ధతిలో రోగుల రక్తంలో యూరియా ఎక్కువగానే ఉండేది. అయినా నాడుల జబ్బు తక్కువగా కనిపించింది. కనుక యూరియాకంటే పెద్ద అణువులు, ఆనాటి సెల్లోఫేన్‌లోంచి సరిగా దాటలేనివి, దోషులై ఉండాలని స్క్రిబ్నర్ బృందం ఊహించింది. డయాలిసిస్‌కు ముందు రక్తంలో పెరిగే పొటాషియం నాడుల విద్యుత్ స్థితిని మారుస్తుందని ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ శతాబ్దంలో చూపారు. మధుమేహం ఉన్నవారికి దాని దెబ్బ కూడా తోడవుతుంది.

పాదాల నాడులకు పట్టిన గతే స్వయంచోదిత నాడులకూ పట్టవచ్చు. డయాలిసిస్ యంత్రం నాలుగు గంటలలో రెండు మూడు లీటర్ల నీటిని రక్తంనుంచి లాగివేయవచ్చు. నాడులు బాగుంటే రక్తనాళాలు బిగుసుకుని పోటును నిలబెడతాయి. దెబ్బతింటే పోటు ఒక్కసారిగా పడిపోతుంది. రోగికి చెమటలు పడతాయి, కళ్ళు తిరుగుతాయి. యంత్రం రక్తాన్ని శుభ్రం చేయగలదే తప్ప, నాడులు చేసే ఈ సర్దుబాటు చేయలేదు.

నాడుల స్థితిని తెలుసుకునే తేలిక పరీక్ష ఒకటుంది. నిమిషానికి ఆరుసార్లు చొప్పున, నెమ్మదిగా, లోతుగా ఊపిరి పీల్చి వదలాలి. పీల్చినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. ఈ తేడాను డాక్టర్లు ఇ.సి.జి.తో కొలుస్తారు. నాడులు దెబ్బతిన్నవారిలో ఈ హెచ్చుతగ్గులు బాగా తగ్గిపోతాయి.

ఉప్పు తగ్గిస్తే దాహం తగ్గుతుంది. అప్పుడు యంత్రం ఒక్కసారిగా లాగవలసిన నీరూ తగ్గుతుంది. మూత్రపిండం మార్పిడి తరువాత చాలామందిలో నాడులు కోలుకుంటాయి. మీ ఇంట్లోనో, వీధిలోనో డయాలిసిస్‌కు వెళ్ళివచ్చే పెద్దవారుంటే, వారిని తొందరపెట్టి లేపకండి. మంచంమీద కాసేపు కూర్చున్నాక, మీ చెయ్యి ఆసరాగా ఇచ్చి మెల్లగా నిలబెట్టండి. మీ నాడులు క్షణంలో చేసే పనికి వారి నాడులకు కొంచెం వ్యవధి కావాలి.