ఇంటిపట్టున ఆదివారం

ఆదివారం ఉదయం ఆలయానికి వచ్చే భక్తులలో కొందరు తీర్థం పుచ్చుకున్న వెంటనే వెళ్ళిపోరు. మండపంలో కాసేపు కూర్చుని ఒక సందేహం అడుగుతారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ శనివారం ఆసిఫాబాద్ రోడ్డు స్టేషనులో రైలు దిగి ఇల్లు చేరిన యువకులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, పసిపిల్లల తల్లులు, అందరిదీ ఇంచుమించు ఒకే ప్రశ్న. "అయ్యగారూ! సెలవు రెండు రోజులూ ఇంట్లోనే గడిచిపోతున్నాయి. తిన్నాం, పడుకున్నాం, పిల్లలతో ఆడుకున్నాం. ఏ క్షేత్రానికీ వెళ్ళలేదు, ఏ పారాయణమూ చేయలేదు. కాలం వృథా చేసుకున్నట్లేనా?"

దైవం గుడిలోనూ తీర్థంలోనూ ఉంటుంది, ఇంట్లో ఉండేది ఒట్టి సుఖమేనన్న అపోహ ఈ ప్రశ్న వెనుక ఉన్నది. క్షేత్రదర్శనం చేయవలసిందే. మాఘ పౌర్ణమినాడు గంగాపూర్ బాలాజీ జాతరకు జనం పోతూనే ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు వచ్చినప్పుడు వార్ధా, వైన్‌గంగా నదులు కలిసే తుమ్మిడిహెట్టికి తరలివెళ్ళినవారికి లెక్కలేదు. అయితే పుష్కరాలు పన్నెండేళ్ళకొకసారి, జాతర ఏడాదికొకసారి. ఆదివారం మాత్రం ప్రతి వారమూ వస్తుంది. దానిని గురించి శాస్త్రం ఏమీ చెప్పలేదని అనుకోవడం పొరపాటు.

వేద పాఠశాలలలో 'అనధ్యయనం' అనే మాట వినగానే విద్యార్థుల ముఖాలు వికసిస్తాయి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పౌర్ణమి తిథులలో పాఠం ఉండదు. ఆ రోజు బట్టలు ఉతుక్కోవడం, వాగులో ఈదడం, ఇంటికి ఉత్తరం వ్రాసుకోవడం, మధ్యాహ్నం కునుకు తీయడం. ఇవన్నీ గురువుగారి అనుమతితో జరిగేవే. పాడ్యమినాడు పాఠం చెప్పుకునేవాడి విద్య చిక్కిపోతుందన్నది ఎంత ప్రసిద్ధమంటే, సుందరకాండలో హనుమంతుడు సీతమ్మ కృశించిన తీరును తోటి వానరులకు చెప్పేటప్పుడు ఆ విద్యనే ఉపమానంగా తెచ్చాడు. విరామం లేని చదువు బలపడదని, సన్నగిల్లుతుందని వాల్మీకి నాటికే లోకానికి తెలుసునన్నమాట.

యాజ్ఞవల్క్యుడు ఇంకా ముందుకు వెళ్ళి తాత్కాలికమైన అనధ్యయనాలను ముప్పై ఏడుగా లెక్కించాడు. ధూళివాన కురిసినప్పుడు, దుర్గంధం వచ్చినప్పుడు, పరుగెత్తుతున్నప్పుడు, పడవలోనో చెట్టుమీదనో ఉన్నప్పుడు పాఠం ఆపాలి. శిష్టుడైన అతిథి ఇంటికి వస్తే ఆపాలి. మంచు కమ్మినప్పుడూ ఆపాలన్నాడు. చలి రోజులలో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రత తరచుగా మా జిల్లాలోని గిన్నెధరిలోనో సిర్పూర్ (యు)లోనో నమోదవుతుంటుంది. యాజ్ఞవల్క్యుని మాటను తు.చ. తప్పక పాటిస్తే అక్కడి పిల్లలకు పుష్యమాసమంతా ఉదయం బడి ఉండకూడదు!

ఆదివారమే సెలవు కావడం మన తిథుల లెక్కలో లేదు. ఆంగ్లేయుల పాలనలో వచ్చిన అలవాటది. అదీ కార్మికులకు ఊరికే దక్కలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఏళ్ళ తరబడి పోరాడితే 1890లో బొంబాయి మిల్లు కార్మికులకు వారానికి ఒకనాటి విశ్రాంతి లభించింది. ఆసఫ్‌జాహీల పేరు మోస్తున్న మా ఊళ్ళో నిజాం కాలంలో శుక్రవారం సెలవుండేదని పెద్దలు చెప్పేవారు. నేటికీ గోలేటి, బెల్లంపల్లి గనులలో పనిచేసే కార్మికులు ఆదివారం డ్యూటీని 'ప్లేడే' అంటారు. అదనపు వేతనం కోసం ఆ రోజు గనిలోకి దిగేవారికి విశ్రాంతి మరొకనాడు. వారం ఏదైతేనేమి, విశ్రాంతి దినమంటూ ఒకటి ఉండాలన్నది ముఖ్యం.

అలా వచ్చిన ఆదివారాన్ని కూడా మనవాళ్ళు సూర్యభగవానునికి అప్పగించి తమది చేసుకున్నారు. తైత్తిరీయారణ్యకంలోని మొదటి ప్రశ్నను 'అరుణం' అంటారు. ఆదివారంనాడు దానిని పారాయణం చేస్తూ సూర్యనమస్కారాలు చేయడం సంప్రదాయం. తలంటు మాత్రం పురుషులకు శనివారం శ్రేష్ఠం. ఆదివారం అభ్యంగనం తాపాన్ని కలిగిస్తుందని ధర్మశాస్త్ర నిబంధాలు చెబుతాయి. తప్పనిసరైతే నూనెలో ఒక పువ్వు వేసుకుని తలంటుకోవచ్చునని ఆ నిబంధాలే దారి చూపుతాయి. నిషేధించిన చేతితోనే ఒక పువ్వు అందించిన ఈ శాస్త్రాన్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఉసిరికాయకూ ఆదివారం నిషేధమే. కార్తిక వనభోజనాలేమో సెలవని అందరూ ఆదివారమే పెట్టుకుంటారు, అదీ ఉసిరిచెట్టు క్రిందనే. పచ్చడి మానుకుంటే చాలు, చెట్టు నీడకు నిషేధం లేదు.

అసలు విషయం ఆనందం. దానిని తైత్తిరీయోపనిషత్తు విచారించినంత వివరంగా మరొక గ్రంథం విచారించిందని నేననుకోను. ఆనందమయ కోశాన్ని ఆ ఉపనిషత్తు ఒక పక్షిగా వర్ణిస్తుంది. ఆ పక్షికి శిరస్సు 'ప్రియం'. కుడి రెక్క 'మోదం', ఎడమ రెక్క 'ప్రమోదం', నడిమి దేహం 'ఆనందం', ఆధారమైన తోక బ్రహ్మం. ప్రియమంటే ఏమిటి? సర్వసంగ పరిత్యాగియైన శంకర భగవత్పాదులు భాష్యంలో చెప్పిన అర్థం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఇష్టమైన పుత్రుడు మొదలైనవారిని చూడడంవలన కలిగేది ప్రియమని, ఇష్టమైనది చేతికి అందినప్పుడు కలిగే హర్షం మోదమని, అదే అధికమైతే ప్రమోదమని ఆయన వివరించారు. హైదరాబాదునుండి వచ్చిన కొడుకు గడప దాటి లోపలికి వస్తుంటే తల్లి మనసులో కలిగేదేదో అదే ఆ పక్షికి శిరస్సు. ఇల్లూ వాకిలీ వదిలిన సన్న్యాసి ఈ మాటను ఏ సంకోచమూ లేకుండా వ్రాయగలిగినప్పుడు, ఇంట్లో ఉన్నవారికి సంకోచం దేనికి?

ఆ తరువాత ఉపనిషత్తు ఆనందాన్ని కొలుస్తుంది. యువకుడు, సాధువర్తనుడు, విద్యావంతుడు, దృఢకాయుడు అయిన ఒక మనిషికి భూమండలమంతా ధనంతో నిండి లభిస్తే అది ఒక మానుషానందం. దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వుల ఆనందం. ఇలా దేవగంధర్వులు, పితృదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి అంటూ నూరేసి రెట్లు పెరుగుతూ బ్రహ్మవరకు మెట్లు సాగుతాయి. మనుష్యగంధర్వుల మెట్టు మొదలుకొని ప్రతి మెట్టుమీదా, కామంచేత దెబ్బతినని శ్రోత్రియునికి ఆ ఆనందం ఉన్నదేనని ఉపనిషత్తు మళ్ళీ మళ్ళీ చెబుతుంది. ఇంద్రుని ఆనందం కావాలంటే ఇంద్రలోకానికి పోనక్కరలేదు. వేదవిదుడై, నిష్పాపుడై, కోరిక దెబ్బ తగలకుండా ఉంటే చాలు. అంత యోగ్యత మనకు లేకపోయినా, ఆ దెబ్బ తగిలినప్పుడు ఏమవుతుందో మన ఇళ్ళలోనే చూడవచ్చు.

చింతచిగురు పప్పుతో వేడి అన్నం కంచంలో ఉంటుంది. చేయి కలుపుతూ ఉంటుంది. కన్ను మాత్రం ఫోనులో ఎవరో పంపిన తిరుమల ఫోటోలమీద ఉంటుంది. వాళ్ళు వెళ్ళారు, మనం వెళ్ళలేదు అన్న తలపు కలిగిన క్షణంలో కంచంలో రుచి పోతుంది. ఇల్లూ పప్పూ పిల్లలూ అలాగే ఉన్నా అనుభవించేవాడు అక్కడ లేడు. నాకడిగే సందేహం నిజానికి ఇక్కడే పుడుతున్నది. ఇంట్లో గడిచిన రోజు వృథా అయిందని వారికి అనిపించింది గడిపేటప్పుడు కాదు, ఇతరుల రోజుతో పోల్చుకున్నాక.

భృగువు తపస్సు చేసి మొట్టమొదట తెలుసుకున్నది అన్నమే బ్రహ్మమని. అక్కడినుండి ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందందాకా వెళ్ళాడు. అంతదాకా వెళ్ళినవాడికి కూడా ఉపనిషత్తు చివర చేసిన ఉపదేశాలలో అన్నాన్ని నిందించవద్దన్నదొకటి, నివాసానికై వచ్చినవారిని కాదనవద్దన్నదొకటి. ఆనందం చూచినవాడు అన్నాన్ని దాటిపోలేదు. అన్నానికే మళ్ళీ వచ్చాడు. మా ప్రాంతంలో ఆ అన్నం కాలాన్నిబట్టి రూపం మార్చుకుంటుంది. చలికాలం జొన్నరొట్టె, సంక్రాంతికి రేగుపండ్లు, ఎండలు ముదురుతుండగా చింతచిగురు, వానలు వెనుకపట్టాక అడవినుండి బుట్టలలో వచ్చే సీతాఫలాలు. పెరట్లో మంచం వేసుకుని సీతాఫలం గింజలు లెక్కబెడుతూ తినే పిల్లవాడికి, ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం పెట్టుకుని పాటలు వింటున్న తాతకు భృగువు కథ తెలియకపోవచ్చు. వారున్నది మాత్రం ఆ కథలోనే.

ఇంతవరకు చెప్పింది సుఖపడేవారి సంగతి. ఆ సుఖం వండిపెట్టేవారి సంగతి ఒకటున్నది.

శ్రావణ బహుళ అమావాస్యను మా జిల్లాలో పొలాల అమావాస్యగా జరుపుకుంటారు. గోండు గూడేలలోనూ, తక్కిన రైతుల ఊళ్ళలోనూ ఆనాడు ఎద్దుల మెడమీద కాడి పెట్టరు. వాగుకు తోలుకుపోయి కడుగుతారు. కొమ్ములకు రంగులు పూసి, వీపున గుడ్డలు కప్పి, హనుమంతుని గుడి చుట్టూ ప్రదక్షిణ చేయించి, నైవేద్యం తినిపిస్తారు. వేదం చదివే వటువుకు, పొలం దున్నే ఎద్దుకు ఒకే తిథినాడు విశ్రాంతి ఇచ్చిన సంస్కృతి ఇది. ఇంత ముచ్చటైన పండుగనాడు కూడా తెల్లవారకముందే పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలు పొద్దు వాలేదాకా లేవదు. మన ఆదివారాలూ అంతే. ఇంటిల్లిపాదికీ సెలవు వచ్చిననాడు ఆమెకు పని రెండింతలవుతుంది. పెరట్లో మంచంమీద పడుకున్న గృహస్థు 'మరో కప్పు టీ' అని కేకవేస్తే, ఆ విశ్రాంతి ఎవరి వీపుమీద కాడి?

శాస్త్రం ఇలా చెప్పిందా అని చూద్దాం. మనుస్మృతి మూడవ అధ్యాయం గృహస్థు భోజనక్రమాన్ని చెబుతుంది. కొత్తగా పెండ్లయిన ఆడపడుచులకు, కన్యలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటే కూడా ముందే పెట్టమన్నది. మరో ఆలోచన లేకుండా పెట్టమన్నది. ఆ తరువాత అతిథులు, తనవారు, ఇంటి పనివారు. వీరందరూ తిన్న తరువాత మిగిలినదానిని ఎవరు తినాలి? దంపతులు. అక్కడ క్రియాపదం ద్వివచనంలో ఉన్నది. యజమాని మొదటి పంక్తిలో భుజించి, ఇల్లాలు వంటింట్లో చివర అడుగూబొడుగూ తినడం మనం ఏర్పరచుకున్న అలవాటు. ఈ క్రమంలో చివరివరకు ఆగవలసినవారు ఇద్దరూను. అదే స్మృతి నాల్గవ అధ్యాయంలో భార్యతో కలిసి భుజించరాదన్న మాట ఉన్నదని చదువుకున్నవారు గుర్తుచేయవచ్చు. ఉన్నది. ఒకే పాత్రలో తినడాన్ని వారించినదిగా నేను దానిని గ్రహిస్తాను. ఎలా గ్రహించినా, తాను ముందు తిని ఆమెను ఆకలితో నిలబెట్టమని ఆ మాటకు అర్థం రాదు.

వంట పురుషుని పనికాదన్నవారికి మన భాషే సమాధానం. కమ్మని వంటను నలభీమపాకం అంటాము. నలుడూ భీముడూ ఇద్దరూ పురుషులే. ఆలయాలలో మడి కట్టుకుని స్వామికి నైవేద్యం వండేది మా అర్చకులూ పరిచారకులే. పొద్దున గుడిలో పొంగలి దించిన చేయి ఇంటికి వచ్చి పొయ్యి మీద పెనం పెట్టడానికి ఏ సూత్రకారుడూ అడ్డు చెప్పలేదు. జొన్నరొట్టె అంచు పగలకుండా గుండ్రంగా రావడానికి మాత్రం కొన్ని ఆదివారాలు పడుతుంది.